న్యాయ సందేహాలు: పర్యావరణ క్లినిక్‌లో లా విద్యార్థుల పని

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో లా కాలేజీలు నడుపుతున్న, నడపదలచుకున్న పర్యావరణ న్యాయ క్లినిక్‌ల గురించినవే ఎక్కువ. కాలుష్యం వల్ల నష్టపోతున్న వారికి విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో ఉచితంగా న్యాయ సహాయం చేస్తూ పని నేర్చుకునే ఏర్పాటు ఇది. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా కాలేజీలో ఈ ఏడాది పర్యావరణ న్యాయ క్లినిక్ మొదలైంది. పర్యావరణ వివాదాలు వినే హరిత ట్రిబ్యునల్ ముందు మేము వాదించవచ్చా? వాదించలేకపోతే అక్కడ మాకు దొరికే అనుభవం ఏమిటి?
- ఐదేళ్ళ కోర్సు నాలుగో సంవత్సరం విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: వాదించలేరు. న్యాయవాదుల చట్టం, 1961 ప్రకారం బార్ కౌన్సిల్‌లో పేరు నమోదైన వారికే ప్రాక్టీసు చేసే హక్కు ఉంటుంది. ఒక ప్రత్యేక కేసులో ఎవరినైనా హాజరు కానిచ్చే విచక్షణ అదే చట్టం 32వ సెక్షన్ కింద కోర్టుకు ఉన్నా, దాన్ని నమ్ముకుని క్లినిక్ నడపడం కుదరదు. వకాల్తా, బెంచి ముందు వాదన, కక్షిదారుకు ఇచ్చే తుది సలహా న్యాయవాది బాధ్యతలు. అంతకు ముందు జరగవలసిన పనిలో చాలా భాగం మీరు చేయవచ్చు. కేసు నిలబడేదీ పడిపోయేదీ ఎక్కువగా అక్కడే.

మీ నగరంలో జరిగిన సంఘటననే చూడండి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి పన్నెండు మంది చనిపోయారు. మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తానుగా విచారణ చేపట్టి, 50 కోట్ల రూపాయలు జమ చేయాలని కంపెనీని ఆదేశించి, జస్టిస్ బి. శేషశయనరెడ్డి నేతృత్వంలో కమిటీని నియమించింది. తమ ఉత్పత్తి పరిమాణానికి చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేదని ఆ కంపెనీయే ఏడాది ముందు, 2019 మేలో, అఫిడవిట్‌లో రాసి అధికారులకు ఇచ్చిందన్న సంగతి ప్రమాదం తర్వాత పత్రికల్లో వచ్చింది. అంటే ఎంతో ముఖ్యమైన కాగితం ఒకటి ప్రమాదానికి ఏడాది ముందు నుంచీ ప్రభుత్వ ఫైల్లో ఉంది. అటువంటి కాగితాలను అడిగి తెచ్చుకుని, చదివి, వాటిలో ఉన్నదేమిటో చుట్టుపక్కల కాలనీల వారికి తెలుగులో చెప్పడం నాలుగో సంవత్సరం విద్యార్థికి చేతనైన పని. పరిశ్రమ స్థాపనకూ నడపడానికీ కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే సీఎఫ్‌ఈ, సీఎఫ్‌ఓ ఉత్తర్వులు, పర్యావరణ అనుమతిలోని షరతులు, వాటి అమలుపై ఆరు నెలలకొకసారి సమర్పించే నివేదికలు మీరు మొదట అడగవలసినవి. జల చట్టం, 1974లోని 25వ సెక్షన్ ప్రకారం, మండలి విధించిన షరతుల రిజిస్టరును ఆ కర్మాగారం వదిలే నీటి వల్ల ప్రభావితమైన వారెవరైనా చూడవచ్చు. ఈ హక్కు సంగతి మా న్యాయవాదుల్లోనే చాలామందికి గుర్తుండదు. చూపించకపోతే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి.

రెండో పని తేదీలు కట్టడం. హరిత ట్రిబ్యునల్ చట్టం, 2010లోని 14వ సెక్షన్ కింద వివాదానికి కారణం మొదట తలెత్తిన నాటి నుంచి ఆరు నెలల్లోపు దరఖాస్తు వేయాలి. తగిన కారణం చూపితే మరో అరవై రోజుల వరకు గడువిస్తారు. 15వ సెక్షన్ కింద నష్టపరిహారానికైతే అయిదేళ్ళు. పర్యావరణ అనుమతి మీద అప్పీలుకు ముప్పయి రోజులు, ఆపైన గరిష్ఠంగా అరవై రోజులు. 'మొదట' అని చట్టం పట్టుబట్టి అడుగుతుండగా రైతు మాత్రం "పెద్దోడి పెళ్ళికి ముందు నుంచీ బోరు నీళ్ళు మారాయి" అని చెబుతాడు. ఆ మాటను పెళ్ళి శుభలేఖతో, ఆసుపత్రి చీటీతో, పాల కేంద్రం పుస్తకంతో, ఆ ఏడాది అడంగల్‌తో పోల్చి ఒక నెలకో వారానికో తీసుకురావడం, తీసుకురాలేకపోతే ఆ సంగతి దాచకుండా ఫైల్లో రాయడం మీ పని. జరుగుతూనే ఉన్న కాలుష్యానికి గడువు ఎప్పటి నుంచి లెక్కించాలన్నది చిక్కు ప్రశ్న. దాన్ని మీ సీనియర్‌కు వదిలిపెట్టండి. తరగతి గదిలో లిమిటేషన్ అధ్యాయం ఎన్నిసార్లు చదివినా, ఒక ముసలాయన జ్ఞాపకం నుంచి తేదీ రాబట్టినప్పుడు తెలిసినంతగా తెలియదు.

ప్రశ్న: మాది చిన్న కాలేజీ. పర్యావరణ చట్టం బోధించేది నేనొక్కడినే. క్లినిక్ పెట్టాలని విద్యార్థులు అడుగుతున్నారు. నిబంధనలు ఒప్పుకుంటాయా? కేసులు ఎలా ఎంచుకోవాలి?
- సహాయ ఆచార్యుడు, వరంగల్

జవాబు: ఒప్పుకోవడమే కాదు, కోరుతున్నాయి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి న్యాయ విద్యా నియమాల ప్రకారం ప్రతి లా కాలేజీ సీనియర్ అధ్యాపకుని పర్యవేక్షణలో, చివరి సంవత్సరం విద్యార్థులతో, న్యాయ సేవాధికార సంస్థల సహకారంతో న్యాయ సహాయ క్లినిక్ నడపాలి. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987 కూడా కాలేజీల్లో క్లినిక్‌లను ప్రోత్సహించడాన్ని జాతీయ సంస్థ బాధ్యతల్లో చేర్చింది. బోర్డు తగిలించి, ఏడాదికొక అవగాహన సదస్సు జరిపి, ఫొటోలు తనిఖీ బృందానికి చూపించే కాలేజీలు మన రెండు రాష్ట్రాల్లో ఉన్నాయన్నది మీకు నేను చెప్పనక్కరలేదు.

మీకు ఎదురయ్యే అసలు ఇబ్బంది వేరు. పూర్తికాలం జీతం తీసుకునే అధ్యాపకుడు న్యాయవాదిగా ప్రాక్టీసు చేయడానికి వీల్లేదు. కాబట్టి క్లినిక్‌ను నడిపే మీరు వకాల్తా మీద సంతకం చేయలేరు. ప్రాక్టీసులో ఉన్న న్యాయవాది మాత్రం రోజుకు మూడు గంటలు మించకుండా లా పాఠాలు చెప్పవచ్చునని న్యాయవాదుల చట్టం కింది నియమాలే అంటున్నాయి. అటువంటి పార్ట్‌టైమ్ అధ్యాపకుడు ఒకరు దొరికితే సగం సమస్య తీరుతుంది. దొరకకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ న్యాయవాదులలో ఒకరితో లిఖితపూర్వకంగా ఏర్పాటు చేసుకోండి. మహిళలు, ఎస్సీ, ఎస్టీ వర్గాల వారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులన్న సంగతిని వాడుకోండి. విద్యార్థులు ఆ న్యాయవాది పర్యవేక్షణలో పనిచేస్తున్నట్లు కాగితం ఉండటం మరొక కారణానికి కూడా అవసరం: కక్షిదారు చెప్పిన సంగతుల గోప్యతకు సాక్ష్య చట్టం ఇచ్చే రక్షణ న్యాయవాదికీ ఆయన గుమాస్తాలకూ దుబాసీలకూ వర్తిస్తుంది, ఎవరికీ చెందని విద్యార్థి నోటుపుస్తకానికి వర్తిస్తుందని ధీమాగా చెప్పలేం.

కేసుల ఎంపికలో మొదట చూడవలసింది, విషయం ట్రిబ్యునల్ చట్టం మొదటి షెడ్యూలులోని చట్టాల కిందికి వస్తుందా అన్నది. జల, వాయు, పర్యావరణ పరిరక్షణ, అటవీ సంరక్షణ, జీవవైవిధ్య చట్టాలు అందులో ఉన్నాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 లేదు. అటవీ హక్కుల చట్టం, 2006 లేదు. పోడు భూమి వివాదాన్ని ట్రిబ్యునల్‌కు తీసుకువెళ్ళాలని ఉత్సాహపడే విద్యార్థికి ఆ షెడ్యూలు చూపిస్తే చాలు.

ఆ తర్వాత చూడవలసింది కేసు ఆయుష్షు. పటాన్‌చెరు పారిశ్రామిక కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో మొదలైన వ్యాజ్యం హైకోర్టు మీదుగా హరిత ట్రిబ్యునల్‌కు చేరి 2017లో తీర్పుకు వచ్చింది. ఆ కాలంలో ఒక కాలేజీ నుంచి ఎన్ని బ్యాచ్‌లు బయటికి వెళ్ళిపోయి ఉంటాయో ఊహించండి. సెమిస్టరు ముగియగానే విద్యార్థి ఇంటికి పోతాడు, ఊరు అక్కడే ఉంటుంది. అందువల్ల ప్రతి ఫైలులో ఏం జరిగింది, తర్వాతి తేదీ ఎప్పుడు, ఏ కాగితం ఎవరి దగ్గర ఉంది, కక్షిదారుకు చివరిసారి ఏం చెప్పాం అన్నవి రాసిన అప్పగింత పత్రం లేనిదే ఆ విద్యార్థికి మార్కులు వేయకండి. మొదటి ఏడాది రెండు ఫైళ్ళకు మించి తీసుకోవద్దని నా సలహా. పదిమంది విద్యార్థులకు రెండు ఫైళ్ళు తక్కువనిపిస్తుంది కానీ, కాదు.

ప్రశ్న: మా ఊరి పక్క వాగులో నురగ వస్తుంటే నేనూ నా మిత్రులూ నీళ్ళు సీసాలో పట్టి ప్రైవేటు ల్యాబ్‌లో పరీక్ష చేయించాం. సీవోడీ (నీటిలోని మలినాలను, వాటికి పట్టే ఆక్సిజన్‌ను బట్టి కొలిచే లెక్క) అనుమతించిన 250 కన్నా ఎక్కువ వచ్చింది. ఇది సాక్ష్యంగా చెల్లుతుందా?
- మూడేళ్ళ కోర్సు విద్యార్థి, సంగారెడ్డి జిల్లా

జవాబు: ముందుగా ఆ 250 సంగతి. లీటరుకు 250 మిల్లీగ్రాముల సీవోడీ అన్నది పర్యావరణ పరిరక్షణ నియమాల్లో ఉపరితల జలాల్లోకి వదిలే వ్యర్థ జలానికి పెట్టిన సాధారణ ప్రమాణం. దాన్ని వ్యర్థ జలం బయటికి వచ్చే చోట కొలవాలి. మీరు పట్టింది వాగు నీళ్ళు. వాగు నీటిని వ్యర్థ జలాల ప్రమాణంతో పోల్చి దరఖాస్తు వేస్తే అవతలి న్యాయవాది మొదటి పేరాలోనే ఎత్తి చూపుతాడు. మీ ఫలితం వ్యర్థ జలాల హద్దునే దాటిందంటే వాగు పరిస్థితి చాలా చెడ్డదని వాదించవచ్చు, కానీ ఆ తేడా తెలిసి వాదించాలి.

ఇక చెల్లుబాటు. మండలి నమూనా తీసే పద్ధతిని జల చట్టం 21వ సెక్షన్ నిర్దేశిస్తుంది: కర్మాగారం వారికి నోటీసు ఇవ్వాలి, నమూనాను వారి ఎదుట రెండు భాగాలు చేయాలి, సీలు వేసి ఇరువైపులా సంతకాలు చేయాలి, గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పంపాలి. అలా చేయని నమూనా నివేదిక ఆ చట్టం కింది చర్యల్లో సాక్ష్యంగా నిలవదు. మీ సీసాకు ఆ హోదా లేదు. అలాగని పారేయవలసిన పనీ లేదు. హరిత ట్రిబ్యునల్‌ను సాక్ష్య చట్టపు నియమాలు కట్టడి చేయవని దాని చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. మీ నివేదికను తుది రుజువుగా కాక, మండలి చేత నమూనాలు తీయించమనీ సంయుక్త కమిటీ వేయమనీ కోరడానికి ఆధారంగా జతచేయవచ్చు. ట్రిబ్యునల్ ఇటువంటి కమిటీలను తరచుగానే వేస్తుంది.

అయితే ఆ ఆధారమైనా గట్టిగా ఉండాలంటే ఈసారి వెళ్ళినప్పుడు రెండు సీసాలు పట్టండి, కర్మాగారానికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి. ఎగువ సీసా లేకపోతే "ఆ మురికి పై నుంచే వచ్చింది" అన్న ఒక్క వాక్యంతో మీ శ్రమంతా పోతుంది. నమూనా తీసిన స్థలం అక్షాంశ రేఖాంశాలు, సమయం, ముందురోజు వాన పడిందా లేదా, ఎవరెవరు చూశారు, ల్యాబ్‌కు చేరడానికి ఎన్ని గంటలు పట్టింది, దారిలో ఐసులో ఉంచారా లేదా అన్నవి అక్కడే నిలబడి రాయండి. ఇంటికి వచ్చి గుర్తు తెచ్చుకుని రాసినదానికి విలువ తక్కువ. ఫోనులో తీసిన వీడియో అసలు ఫైలును చెరపకుండా ఉంచండి. వాట్సాప్‌లో పంపినది అసలు కాదు. కోర్టు దాకా వెళితే భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం అడుగుతారు. కర్మాగారం ప్రహరీ లోపలికి మాత్రం అనుమతి లేకుండా ఎట్టి పరిస్థితిలోనూ వెళ్ళవద్దు.

సైన్సు విషయంలో తడబడుతున్నామని సిగ్గుపడనక్కరలేదు. హైదరాబాద్ తాగునీటి చెరువులైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల దగ్గర పెట్టదలచిన నూనె పరిశ్రమ మీద 1999లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు, ఒకసారి చదవండి. దాన్ని రాసిన జస్టిస్ ఎం. జగన్నాథరావు శాస్త్రీయ అంశాలను తేల్చడంలో న్యాయస్థానాలకు ఉన్న ఇబ్బందిని దాచుకోకుండా చర్చించి, నిపుణులతో కూడిన ప్రత్యేక పర్యావరణ న్యాయస్థానాల అవసరాన్ని చెప్పారు. హాని జరగదని చూపే భారం మార్పు తలపెట్టిన వారి మీదే ఉంటుందన్న సూత్రం మన దేశంలో బలపడిందీ ఆ తీర్పుతోనే. మీ కెమిస్ట్రీ మిత్రుడొకరిని క్లినిక్‌లో చేర్చుకోవడం ఇంకా మంచిది.

ప్రశ్న: ఈ పనికి ఉద్యోగాల మార్కెట్‌లో విలువ ఉందా? ఇంటర్న్‌షిప్ కింద లెక్కిస్తారా?
- చివరి సంవత్సరం విద్యార్థి, తిరుపతి

జవాబు: మూడేళ్ళ కోర్సుకు 12 వారాలు, అయిదేళ్ళ కోర్సుకు 20 వారాల ఇంటర్న్‌షిప్ కనీసం ఉండాలని నియమం. క్లినిక్ పనిని అందులో కలుపుతారా అన్నది ముందే మీ కాలేజీ చేత లిఖితపూర్వకంగా చెప్పించుకోండి. విలువ ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల కేసులు వినే దక్షిణ మండల బెంచి చెన్నైలో ఉన్నందువల్ల తెలుగు రికార్డులు చదివి ఇంగ్లీషులో డ్రాఫ్టు చేయగలిగిన జూనియర్లు అక్కడ అవసరం. అనుమతుల షరతులు అర్థం చేసుకున్నవారు పరిశ్రమలకు కూడా కావాలి. అటువైపు వెళ్ళడం ద్రోహమేమీ కాదు.

ప్రశ్న: మా అమ్మాయి క్లినిక్ తరఫున ఊళ్ళకు వెళ్తానంటోంది. కంపెనీలు కేసులు పెడతాయేమో, రాజకీయాల్లో చిక్కుకుంటుందేమో అని భయంగా ఉంది.
- ఒక తండ్రి, నెల్లూరు

జవాబు: మీ భయం నిరాధారమని చెప్పను. కర్మాగారం మీద ఆధారపడి బతికే ఊళ్ళో దాని మీద ప్రశ్నలు అడిగే పిల్లల మీద కోపం రావచ్చు. కాలేజీ యాజమాన్యానికే ఎవరైనా ఫోన్ చేయవచ్చు. అందుకే కొన్ని ఏర్పాట్లు కాలేజీని అడగండి. ఊరికి వెళ్ళేటప్పుడు ప్రిన్సిపాల్ ఇచ్చిన అధికార పత్రం ఉండాలి, వెంట అధ్యాపకుడో న్యాయవాదో ఉండాలి, ఏ దరఖాస్తులోనూ విద్యార్థిని పేరు దరఖాస్తుదారుగా ఉండకూడదు, కేసు వివరాలు సామాజిక మాధ్యమాల్లో పెట్టకూడదు, పత్రికలతో మాట్లాడే పని న్యాయవాదిదే కావాలి. ఇవన్నీ ఉన్న చోటికి అమ్మాయిని నిశ్చింతగా పంపండి. ఇవి అడిగితే విసుక్కునే కాలేజీ అయితే ఆలోచించండి.

ప్రశ్న: అమెరికాలో లా చదువుతున్న మా అబ్బాయి తమ క్లినిక్ విద్యార్థులు కోర్టులో మాట్లాడతారని చెబుతున్నాడు. అది నిజమేనా? మన దగ్గర ఎందుకు లేదు?
- ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: నిజమే. అక్కడ చాలా రాష్ట్రాల్లో పర్యవేక్షక న్యాయవాది బాధ్యత మీద లా విద్యార్థి కోర్టులో హాజరు కావడానికి ప్రత్యేక నియమాలున్నాయి. మన న్యాయవాదుల చట్టంలో అటువంటి ఏర్పాటు లేదు. చివరి సంవత్సరం వారికైనా, న్యాయ సహాయ కేసులకైనా పరిమితంగా దాన్ని తీసుకురావాలన్నది నా అభిప్రాయం.

కానీ ఆ హక్కును ఇచ్చిన చేతులే తీసుకోగలవని కూడా మీ అబ్బాయి తెలుసుకోవాలి. లూసియానా రాష్ట్రంలో న్యూ ఓర్లియన్స్ నగరంలోని టులేన్ విశ్వవిద్యాలయ పర్యావరణ న్యాయ క్లినిక్, మిసిసిపీ నది ఒడ్డున కాన్వెంట్ అనే ఊరి దగ్గర షిన్‌టెక్ కంపెనీ పెట్టదలచిన పీవీసీ కర్మాగారాన్ని వ్యతిరేకించిన స్థానికుల పక్షాన 1997 ప్రాంతంలో పనిచేసింది. గవర్నర్ మైక్ ఫోస్టర్ బహిరంగంగా మండిపడ్డారు, వ్యాపార సంఘాలు ఫిర్యాదు చేశాయి. 1998లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు విద్యార్థుల హాజరు నియమాన్ని బిగించింది: క్లినిక్ తానుగా వెళ్ళి కక్షిదారులను కూడగడితే ఆ కేసులో విద్యార్థులు హాజరు కాకూడదు, సంఘాల తరఫున హాజరు కావాలంటే సభ్యుల్లో ఎక్కువమంది పేదలని తేలాలి. ఆ మార్పులను సవాలు చేసిన వ్యాజ్యం ఫెడరల్ అప్పీలు కోర్టులో 2001లో వీగిపోయింది. కంపెనీ మాత్రం 1998లోనే కాన్వెంట్‌ను వదిలి వేరే చోటు చూసుకుంది. ఇన్ని ఒత్తిళ్ళ మధ్యా క్లినిక్ మూతపడలేదు.

ప్రశ్న: మా మండలంలో ఒక ప్రాజెక్టుకు ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుందని పేపర్లో వచ్చింది. లా విద్యార్థులు వచ్చి మాట్లాడారు, ఒక కాగితం మీద సంతకాలు అడిగారు. పెట్టవచ్చా? వీళ్ళ వల్ల మాకు ఉపయోగం ఏమిటి?
- మాజీ సర్పంచ్, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఆ కాగితాన్ని తెలుగులో చదివి వినిపించి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచేదాకా పెట్టవద్దు. ఏ న్యాయవాది కింద పనిచేస్తున్నారో, మీరు వద్దంటే మధ్యలో మానుకోవచ్చునో లేదో అడగండి. ఊరంతా ప్రాజెక్టును వద్దనుకుంటోందని వారు ముందే నిర్ణయించుకుని వస్తే అది కూడా చెప్పండి; ఉద్యోగాలు వస్తాయని ఆశపడే ఇళ్ళు మీ ఊళ్ళోనూ ఉంటాయి. క్లినిక్‌కు కక్షిదారు చెప్పిందే లక్ష్యం కావాలి. విద్యార్థి ఆశయాన్ని ఊరి కోరికగా రాయడం తప్పు.

ఇక ఉపయోగం. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీసం ముప్పయి రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ముసాయిదా నివేదికను కలెక్టరు కార్యాలయం, జిల్లా పరిషత్, జిల్లా పరిశ్రమల కార్యాలయం వంటి చోట్ల చూసుకోవడానికి ఉంచాలి. తెలుగులో ఉండేది దాని సారాంశం మాత్రమే; వందల పేజీల అసలు నివేదిక ఇంగ్లీషులో ఉంటుంది. విద్యార్థులు మీకు చేయగల అతి పెద్ద మేలు అక్కడే ఉంది. పది కిలోమీటర్ల అధ్యయన పరిధిలో మీ ఊరి చెరువు, గెడ్డ, శ్మశానం, చేపల రేవు పటంలో ఉన్నాయా, నీటి నమూనాలు ఏ నెలలో ఏ బావి నుంచి తీశామన్నారు, ఆ బావి నిజంగా ఉందా, ఎన్ని కుటుంబాలు వలలు వేసి బతుకుతున్నాయని రాశారు అన్నవి వారు చదివి చెబితే, తప్పు ఎక్కడుందో మీరు చెప్పగలరు. నివేదిక రాసిన కన్సల్టెంటు కన్నా ఆ గెడ్డ గురించి మీకు ఎక్కువ తెలుసు. దాన్ని పేజీ నంబరుతో సహా అభ్యంతరంగా రాయడం విద్యార్థులకు తెలుసు.

సభకు కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని ప్రతినిధి గానీ అధ్యక్షత వహించాలి, మొత్తం వీడియో తీయాలి. ముగింపులో కార్యవాహిని అక్కడే తెలుగులో చదివి వినిపించి అదే రోజు సంతకం చేయాలి. చదవకుండా లేవబోతే చదవమని అడగండి, మీరు అడిగినట్టు కూడా రాయించండి. సభలో మాట్లాడలేనివారు, వలస వెళ్ళినవారు లిఖితపూర్వక అభ్యంతరాలను కాలుష్య నియంత్రణ మండలికి పంపవచ్చు; రిజిస్టర్డ్ పోస్టు రసీదును జాగ్రత్తగా దాచండి. అనుమతి మంజూరైతే ముప్పయి రోజుల అప్పీలు గడువు మొదలవుతుంది కాబట్టి, ఆ ఉత్తర్వు వెలువడిందేమో వారానికొకసారి చూసే బాధ్యతను ఒక విద్యార్థికి పేరు పెట్టి అప్పగించమని క్లినిక్‌ను ఇప్పుడే అడగండి. వారు ఊరికి మళ్ళీ రాకపోతే 15100 నంబరుకు ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ సహాయం దొరుకుతుంది.